సారు జాగ

మా చర్చికి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఆదివారం ఒక తప్పు చేస్తారు. ఆరాధన చివర పాడే పాత కీర్తన ఒకటుంది. దాని ఆఖరి చరణం మూడో పాదంలో, గొంతు పైకెక్కి నిలబడే చోట, సంఘమంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పాదం పూర్తయ్యాక కాదు, పదం సగంలో. కొత్తవాళ్లకు ఆ సంగతి తెలియదు కదా, మిగతా సగం పదాన్ని తామొక్కళ్లే గట్టిగా పాడేసి, బిత్తరపోయి నోరు మూసుకుంటారు. రెండు ఊపిర్లంత సేపు చీమ చిటుక్కుమనదు. తర్వాత అందరూ మళ్లీ అందుకుంటారు. మరుసటి ఆదివారం ఆ కొత్తవాళ్లు కూడా అక్కడే ఆగుతారు. ఎవరూ నేర్పరు. రాయపోల్ నుంచి సిద్దిపేటకు మారిన ఒక కుటుంబంలో బడి ఈడు కూడా రాని పాప ఉంది. ఆ పాప కూడా ఆగుతుంది. మా సారును ఆ పాప ఫొటోలో కూడా చూడలేదు.

ఆ ఖాళీని మా వాళ్లు "సారు జాగ" అంటారు. ఆ సారు మా ఆయన.

వారమంతా సర్కారు బడిలో లెక్కలు చెప్పేవాడు, ఆదివారం ఆర్గన్ వాయించేవాడు, క్వయర్‌ను, అంటే పాటల బృందాన్ని, నడిపేవాడు. నేను దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎన్నో శవాలను తుడిచి, కళ్లు మూసి, కాళ్ల బొటనవేళ్లు కట్టిన చేతులివి. దయ్యాలే ఉంటే ముందు నాకే కనిపించాలి. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్కటంటే ఒక్కటి కూడా నన్ను పలకరించలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, రాబోయేది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకూడదని.

ముందు ఆర్గన్ సంగతి. మా ప్రాంతానికంతటికీ పెద్ద చర్చి ఒకటుంది, సిద్దిపేట నుంచి బస్సులో రెండు గంటల దారి. రాతి గోడలు, రంగుటద్దాలు, గోడంత ఎత్తు గొట్టాల ఆర్గన్. మా ఆయన చిన్నప్పుడు అక్కడి హాస్టల్లో ఉండి చదువుకున్నాడు, అక్కడే వాయించడం నేర్చుకున్నాడు. ఆ పెద్ద చర్చివాళ్లు ఎప్పుడో మూలన పడేసిన చిన్న ఆర్గన్‌ను మా సంఘం అడిగి తెచ్చుకుంది. చింతమడక రైతు ఒకాయన వడ్ల ట్రాక్టర్‌లో దాన్ని తెచ్చి దింపాడు. కాళ్లతో తొక్కితే తిత్తి నిండి పలికే రకం అది. కింద రెండు తొక్కుడు పలకలు, ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి. దాన్ని చెక్క వేదిక మీద పెట్టారు. దాని పక్కనే, అదే వేదిక మీద, మేం ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది స్థాయి, పాడే ఆడవాళ్లం నిలబడేవాళ్లం.

వచ్చిన ఏడాదే ఎలుకలు తిత్తి తోలును కొరికేశాయి. చర్చిలో ఎలుకకు తినడానికి ఇంకేం దొరుకుతుంది పాపం. ఆటో సీట్లకు రెగ్జిన్ కుట్టే ముస్లిం ఆయన ఒకరు మా ఇంటి వెనక సందులో ఉండేవాడు. ఆయన వచ్చి రెగ్జిన్ ముక్కలతో అతుకులు వేశాడు. మామూలు పాటలకు ఆ అతుకులు ఆగేవి. ఈ కీర్తన ఆఖరి చరణానికి మాత్రం మా ఆయన చప్పుడు పెంచే కట్టెలన్నీ లాగి వాయించేవాడు. మూడో పాదం మధ్యకు వచ్చేసరికి గాలి అయిపోయేది. అప్పుడాయన చేతులు పైకెత్తి, పలకలను రెండుసార్లు తొక్కి, పళ్ల సందుల్లోంచి సర్రుమని తనూ ఒక ఊపిరి పీల్చి, మళ్లీ అందుకునేవాడు. కిర్రు, కిర్రు, సర్రు. సంఘం ఆగి చూసేది. చూసి చూసి అదే పాట అనుకుంది. ఒక తరం అట్లాగే పుట్టి పెరిగింది. పాస్టరు అయ్యగారు ఒకరు ఆ నిశ్శబ్దం సిలువకు గౌరవమని ప్రసంగం కూడా చేశాడు. మా ఆయన తల వంచుకుని నవ్వుకున్నాడు గాని, ఇది ఎలుకల పని అని చెప్పలేదు.

చివరి రోజుల్లో ఆయన కుడి మోకాలు వాచిపోయింది. కుడి పలకను నేను ఆ పక్క నుంచి నా ఎడమ కాలితో తొక్కేదాన్ని, ఆల్టో పాడుకుంటూనే. ఎసరు పెట్టి బియ్యం కడిగినట్టు, రెండు పనులూ ఒకేసారి సాగిపోయేవి.

ఆయన ఒక ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. అంతే. ఎంతమందికో నాడి చూసినదాన్ని, పక్క గదిలో బట్టలు మడత పెడుతూ ఉండిపోయాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం సంగతి. ఆర్గన్ మీద తెల్ల గుడ్డ కప్పారు. దాని బదులు కరెంటు కీబోర్డు వచ్చింది. ప్లగ్గు అటు పక్కనుందని దాన్ని వేదిక కింద, టైల్స్ మీద స్టాండు వేసి పెట్టారు. వాయించింది బెజ్జంకి పిల్ల. పావడా కట్టుకునే రోజుల నుంచి మా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు సిద్దిపేటలో ప్రైవేటు బడిలో టీచరు, పొద్దున్నే బెజ్జంకి నుంచి బస్సెక్కి వస్తుంది. ఆయన తర్వాత క్వయర్ బాధ్యత ఆమెదే అయింది. ఆఖరి చరణం వచ్చింది. కీబోర్డుకు గాలితో పనేముంది? అది ఆగకుండా ముందుకు పోయింది. సంఘం ఆగింది. పిల్ల ఉలిక్కిపడి చేతులు తీసేసింది. చర్చి మొత్తం నోళ్లు తెరుచుకుని నిలబడి ఉంది, సగం పదం గొంతుల్లో పెట్టుకుని.

అప్పుడు వినబడింది. కిర్రు. కిర్రు. తర్వాత, సర్రుమని ఊపిరి.

గుడ్డ కదల్లేదు. నా పక్కన ఉన్నామె నా చెయ్యి పట్టుకుంది, ఆమె గోళ్లు నాకు గుచ్చుకున్నాయి. అందరూ మళ్లీ పాడటం మొదలుపెట్టారు. నేనూ పాడాను. వెన్నులో చల్లటి నీళ్లు పోసినట్టయిందన్నది నిజం. దానికంటే పెద్ద నిజం ఇంకోటుంది, నాకు సంతోషమేసింది.

బయటికొచ్చాక ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చెప్పులు వెతుక్కుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తప్పుకున్నారు. మరుసటి ఆదివారం కూడా వినబడింది. ఆపై ఆదివారమూ అంతే. పిల్లలు ఆ చోటు వస్తుందనగానే తెల్ల గుడ్డ వైపు చూడటం మొదలుపెట్టారు.

అయ్యగారికి భయం పట్టుకుంది. ఎలుకలేమో చూడమని రెగ్జిన్ ఆయన్ను పిలిపించాడు. ఆయన వెనక పలక విప్పి, తల లోపల పెట్టి, చాలాసేపు చూశాడు. లోపల తోలు అన్నదే లేదు. అతుకులు మాత్రం, పట్టుకోవడానికి ఏమీ లేక, మేకులకు వేలాడుతున్నాయి. పాత పాటల కాగితాలు చింపి ఎలుకలు గూడు కట్టుకున్నాయి. ఆ గూడూ ఖాళీనే, ఎండిపోయి ఉంది.

"దీన్ల దమ్ము లేదమ్మా," అన్నాడాయన చేతులు దులుపుకుంటూ. "తొక్కితే గూడ పలకది. తాళ్లు తెగినయ్. ఖతం."

"మరి సప్పుడెట్ల వస్తుంది?" అన్నాడు అయ్యగారు.

రెగ్జిన్ ఆయన నా వైపు చూశాడు. తర్వాత పలక మళ్లీ బిగించి, నాకు సలాం చేసి వెళ్లిపోయాడు. ఆ ఆదివారం కూడా కిర్రుమంది.

చర్చి తాళంచెవి ఒకటి మొదటి నుంచీ మా ఇంట్లోనే ఉండేది. నేను మధ్యాహ్నాలు వెళ్లడం మొదలుపెట్టాను. ఎండలో బజారు దుకాణాల షట్టర్లు సగానికి దించి ఉండే వేళ. అవతలి వీధి మసీదులో నమాజు పిలుపు అయిపోయేదాకా ఆగి, వేదికెక్కి, నా జాగలో నిలబడి ఆఖరి చరణం పాడేదాన్ని. మూడో పాదం సగంలో ఆపేదాన్ని. ఖాళీ చర్చిలో ఆ నిశ్శబ్దం ఇంకా గట్టిగా ఉండేది. కిర్రు. కిర్రు.

"ఉన్నవా?" అనేదాన్ని.

మళ్లీ పాడేదాన్ని, మళ్లీ ఆపేదాన్ని. కిర్రు. కిర్రు.

మెల్లగా మాటలు మొదలయ్యాయి. పాదం పాడటం, ఆపడం, ఒక మాట అడగడం. "బీపీ గోళీ మర్చిపోయిన, తిట్టవా?" కిర్రు. "పింఛను ఆఫీసోళ్లు మళ్ల రమ్మన్నరు, పోవాల్నా?" కిర్రు. బతికున్నప్పుడు పది మాటలు మాట్లాడితే ఒక్క "ఊఁ" రాలేది ఆ మనిషి నోట్లోంచి, అది కూడా పేపరు అడ్డం పెట్టుకుని. పోయాక అడిగిందానికల్లా జవాబు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గాని, మా ఆయనకు చెవులు కూడా పెరిగాయని నవ్వుకునేదాన్ని. నవ్వు ఆ గోడల మధ్య వేరే ఎవరిదో అయినట్టు వినబడేది. ఇంటికి వచ్చాక అన్నం సహించేది కాదు. మర్నాటి మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఉండేది. అది మంచిది కాదని నాకు తెలుసు. ఇంకో మనిషి అట్లా చేస్తుంటే నేనే పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయేదాన్ని.

ఇట్లా ఉండగా పెద్ద చర్చి నుంచి కబురొచ్చింది. ప్రాంతంలోని క్వయర్లన్నీ ఒకరోజు అక్కడికి వచ్చి, ఆ గొట్టాల ఆర్గన్‌తో తలా ఒక పాట పాడాలి, బాగా పాడినవాళ్లకు బహుమతి. మా సంఘం ఈ కీర్తనే పాడాలని తీర్మానమైంది. ముందుగా అక్కడి ఆర్గనిస్టు ఊరూరూ తిరిగి క్వయర్లను వింటున్నాడు. మా దగ్గరికీ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. చేతిలో గుడ్డ సంచి. అందులో పల్చటి అడుగుల బూట్లు. ఆర్గన్ కాలి కట్టెలు తొక్కడానికి మాత్రమే వాడతాడట, వీధి మట్టి తగలనివ్వడట. ఎక్కడికి పోయినా వెంటే ఉంచుకుంటాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుని విన్నాడు.

మేం పాడాం. ఆగాం. కిర్రు, కిర్రు. అందుకుని ముగించాం.

"గిదేంది?" అన్నాడు ఆయన. "పదం సగంల ఎందుకు ఆగిన్రు?"

బెజ్జంకి పిల్ల నా వైపు చూసి, "మా దగ్గర గట్లనే పాడుతం సార్," అంది.

"పుస్తకంల లేదు గద."

"మా పుస్తకంల ఉన్నది," అన్నాను నేను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే బాగుండేది, నేనూ నాలుగు అందుకునేదాన్ని. "అమ్మా, అక్కడి ఆర్గన్‌కు కరెంటు మోటారు ఉంటది," అన్నాడు. "దానికి గాలి అయిపోవుడంటూ ఉండది. నేను ఆగను. మీరు ఆగితే మిమ్ముల వదిలేసి పోత. అంత మంది ముంగట నవ్వులపాలైతరు. ఇంకో మాట. అక్కడి గోడలు మీరు పాడింది మళ్ల పాడతయ్, జర ఆలస్యంగ. దగ్గితే దగ్గు గూడ తిరిగొస్తది. కొత్తోళ్లు ఆ గోడ ఎంబడి పడి తాళం తప్పుతరు. క్వయర్ లీడర్ చెయ్యి చూడున్రి. నేను గూడ అద్దంల ఆ చెయ్యినే చూస్త, నా వీపు మీ దిక్కుంటది గద. గోడకు మాత్రం జవాబు ఇయ్యకున్రి."

ఆయన పోయాక పిల్ల తేల్చేసింది, ఆ జాగ తీసేద్దామంది. నాకు ఒళ్లు మండింది. "సారు పోయి ఏడాది తిరగలే, సారు జాగ గూడ పీకేస్తవా? నీకు సా పా నేర్పిందెవరే?" అన్నాను అందరి ముందు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, "పెద్దమ్మా, సారే ఉంటే ఈపాటికి తీసేసేటోడు. ఆ తిత్తి బాగుపడితే ఆపకుండ వాయిస్తనని ఎన్నిసార్లు అన్నడో నాకు తెలుసు," అంది. అది అబద్ధం కాదు. అందుకే నాకు ఇంకా మండింది.

మర్నాడు మధ్యాహ్నం చర్చికి పోయి ఆయనతోనే పంచాయితీ పెట్టుకున్నాను. "నీ శిష్యురాలు నిన్ను ఎల్లగొడుతుంది. ఏమంటవ్?" కిర్రు. కిర్రు. "పోతవా?" కిర్రు. కిర్రు. నేను ఏడ్చాను. పక్కన ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చాను.

తలెత్తితే వాకిట్లో బెజ్జంకి పిల్ల నిలబడి ఉంది. బడి మధ్యాహ్నపు సెలవులో వచ్చినట్టుంది, చేతిలో టిఫిన్ డబ్బా. ఎంతసేపటి నుంచి చూస్తోందో. నన్ను చూడటం లేదు. నేల వైపు చూస్తోంది.

"పెద్దమ్మా," అంది మెల్లగా, "ఇంకొక్కసారి పాడు."

"ఎందుకే?"

"జర పాడు."

పాడాను. ఆమె డబ్బా కింద పెట్టి, చెప్పులు విడిచి, వేదిక దగ్గరికి వచ్చి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. మూడో పాదం సగానికి వచ్చి ఆపాను. సరిగ్గా అప్పుడు ఆమె రెండు చేతులతో నా ఎడమ కాలి మడమను గట్టిగా పట్టుకుంది.

కిర్రు రాలేదు.

నా కాలు ఆమె చేతుల్లో నొక్కుతోంది. నాకు తెలియకుండానే నొక్కుతోంది, ఒకసారి, రెండుసార్లు, పట్టుకున్న కోడి తన్నుకున్నట్టు. ఆమె పట్టు సడలించలేదు. నేను ఊపిరి బిగబట్టుకుని విన్నాను. బయట ఆటో హారన్ ఒకటి వినబడింది. లోపల ఏమీ లేదు. వేదిక చెక్క కదల్లేదు, ఎవరూ ఊపిరి పీల్చలేదు. అంత ఖాళీ నేను ఏ వార్డులోనూ వినలేదు.

ఆమె చేతులు తీసేసింది. నా కాలు దానంతటది దిగింది. కాలి కింద చెక్క కిర్రుమంది.

ఇన్ని నెలలూ నన్ను తిట్టింది, పింఛను ఆఫీసుకు పొమ్మన్నది, ఉన్నానన్నది, అంతా నా కాలే. మా ఆయన నాకు ఆ మధ్యాహ్నం చచ్చిపోయాడు. అంతకుముందు పూడ్చిపెట్టింది ఉత్త పెట్టె.

"ఎప్పటి సంది తెల్సు నీకు?" అన్నాను.

"మొదటి ఆదివారం సంది," అంది. ఆమె వేదిక కింద నిలబడి వాయిస్తుంది, కాస్త తల వంచితే ఆమె కళ్లకు సూటిగా నా కాళ్లే. "చెప్ప బుద్ధి గాలే పెద్దమ్మా. కని నువ్వు ఒక్కదానివే వచ్చి మాట్లాడుతున్నవని చర్చి ఎదురుంగ అత్తరు దుకాణమాయన చెప్పిండు. భయమైంది."

"ఇప్పుడు సల్లబడ్డదా నీ పాణం?" అన్నాను. అట్లాంటి మాట ఆ పిల్లను అనకూడదు. అన్నాను. ఆమె డబ్బా తీసుకుని బడికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జాగ తీసేయడానికి నేనే ఒప్పుకున్నాను. అందులో ఏముందని ఉంచాలి? రోజూ సాయంత్రం సాధన. ఆగకుండా పాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఊపిరి ఎక్కడ దాచుకోవాలో ఎవరికీ తెలియదు. అడుగు స్థాయిలో పాడే ముసలి మగవాళ్ల బాస్ గొంతులు సగంలో కొడిగట్టేవి. పిల్ల వాళ్లను తిట్టి, బుజ్జగించి, మొత్తానికి ఒక దారికి తెచ్చింది. నేను ఎడమ కాలి మీద కుడి కాలు వేసి తొక్కిపట్టుకుని పాడేదాన్ని. ఆదివారాల్లో సంఘం మాత్రం ఇంకా ఆగేది, వాళ్లను మార్చడం ఎవరి తరం. ఆ నిశ్శబ్దంలో ఇప్పుడు కిర్రు లేదు. పిల్లలు తెల్ల గుడ్డ వైపు చూసి, వినబడక, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవాళ్లు. సర్రుమనే ఊపిరి కూడా నాకు వినబడటం మానేసింది. కాలు నాదైతే ఊపిరి కూడా నాదే అయ్యుంటుందని సర్దుకున్నాను.

పెద్ద చర్చికి పోయిన రోజు ఎండ మండిపోతోంది. లోపల అడుగుపెడితే అరికాళ్లకు రాయి చల్లగా తగిలింది. రంగుటద్దాల్లోంచి పడిన ఎరుపూ నీలమూ మా తెల్ల చీరల మీద మరకల్లా ఉన్నాయి. ఆర్గనిస్టు ఎక్కడో పైన, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆయన తల పక్కన చిన్న అద్దం. అందులో ఆయన కళ్లు మాత్రం కనబడుతున్నాయి, మనిషి అటు, చూపు ఇటు. మాకంటే ముందు పాడిన ఊళ్లవాళ్లు ముగించి నోళ్లు మూసుకున్నాక కూడా వాళ్ల పాట ఆ చివరి గోడ దగ్గర ఇంకాసేపు నడిచేది. ఎవరో వాళ్ల వెనకే వచ్చి, మిగిలింది పాడిపోతున్నట్టు.

మా వంతు వచ్చింది. బెజ్జంకి పిల్ల మా ముందు నిలబడి చెయ్యి ఎత్తింది. ఆర్గన్ మొదలయ్యేసరికి నేల కింద నుంచి పాదాల్లోకి పాకింది. మొదటి చరణాలు బాగానే నడిచాయి. ఆఖరి చరణం. నేను కుడి కాలు ఎడమ కాలి మీద వేశాను. మూడో పాదం. గొంతు పైకెక్కింది.

పిల్ల చెయ్యి పైనే ఉండిపోయింది.

దిగాలి. దిగలేదు. మేమంతా ఆగిపోయాం, ఇన్ని సాయంత్రాల సాధన ఏట్లో పిసికిన చింతపండయింది. ఆగనని, వదిలేసి పోతానని అన్న మనిషి ఏం చేస్తాడోనని పైకి చూశాను. అద్దంలో ఆయన కళ్లు ఆ చెయ్యి మీదే ఉన్నాయి. రెండు చేతులూ మీటల మీది నుంచి ఎత్తేశాడు. అంత పెద్ద చర్చి, అన్ని ఊళ్ల జనం, సగం పదం దగ్గర నిలబడిపోయారు.

అప్పుడు మేమందరం ఊపిరి పీల్చాం. పళ్ల సందుల్లోంచి, సర్రుమని. ముసలి బాస్ గొంతులు, టెనర్లు, నా పక్కనున్నామె, ఎదురుగా ఉన్న పిల్ల. ఒక్కరు కూడా మామూలు మనుషుల్లా పీల్చలేదు. అందరికీ ఊపిరి తీయడం నేర్పింది ఒక్కడే కదా. మా చర్చిలో అందరి మధ్య నిలబడి ఉన్నదాన్ని, ఆ సంగతి నాకెప్పుడూ వినబడలేదు.

మా ఊపిరి పోయి అవతలి గోడకు తగిలింది. ఒక క్షణం ఆలస్యంగా తిరిగొచ్చింది. తిరిగొచ్చింది మాత్రం ఇంతమంది ఊపిరి కాదు. ఒక్క మనిషిది. అరవై దాటి, బీపీ ఉండి, ఎండలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చి ఆర్గన్ ముందు కూర్చున్న మనిషిది. ఆ ఊపిరి పక్కన ఇన్నేళ్లు పడుకున్నదాన్ని, నాకు తెలియదా?

నా కుడి కాలు దానంతటది తప్పుకుంది. ఎడమ కాలితో రాతి మీద రెండుసార్లు నొక్కాను. రాయి చప్పుడు చేయలేదు. పిల్ల చెయ్యి దిగకముందే, జవాబు ఇవ్వొద్దన్న ఆ గోడకే జవాబుగా, మిగతా సగం పదం నేను అందుకున్నాను. నా వెనక అందరూ అందుకున్నారు. ఆ పైన ఆర్గన్.

మాకు బహుమతి రాలేదు, ఎట్లా వస్తుంది. దిగి వచ్చాక ఆర్గనిస్టు వీధి చెప్పుల్లోకి మారుతూ పిల్లను అడిగాడు, "చెయ్యి ఎందుకు ఆపినవ్?"

"ఆపలే సార్. దిగలే," అంది పిల్ల. "మీరెందుకు ఎత్తిన్రు?"

ఆయన బూట్లు సంచిలో పెట్టి, మూతి బిగించి కట్టాడు. "తెల్వదు," అన్నాడు చివరికి. మా వైపు కాక ఆ చివరి గోడ వైపు చూసి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో పిల్ల నా పక్కనే కూర్చుంది. ఆ మధ్యాహ్నం తర్వాత మేమిద్దరం అంత దగ్గరగా కూర్చోవడం అదే. సిద్దిపేట దగ్గర పడుతుండగా కిటికీలోంచి చూస్తూ అడిగింది.

"పెద్దమ్మా, ఆడ కాలు నొక్కినవా?"

"నొక్కిన," అన్నాను. "రాయి గద, సప్పుడు రాలే."

ఆమె వంగి తన కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత, "నేను గూడ నొక్కిన," అంది. "నాకు తెల్వకుంటనే. టైల్స్ మీద రోజూ నొక్కుతున్ననేమో, వినబడక తెల్వలే."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్సు దిగేదాకా వదల్లేదు.

ఆ ఆదివారం పొద్దున్నే చర్చికి పోయి, మేమిద్దరమే కీబోర్డును స్టాండుతో సహా ఎత్తి చెక్క వేదిక మీదికి చేర్చాం. ప్లగ్గు అందదని అయ్యగారు గొణిగాడు. బజారుకు పోయి పొడుగు వైరు కొనుక్కొచ్చాను.